చెట్ల కింద నిలబడరాదు

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. ఆగిరిపల్లి దాటాక రోడ్డు పక్కనున్న ఏ తోటలోకైనా తొంగి చూడండి. కోతకొచ్చిన కూలీ గెడ చివర చిక్కం కట్టుకుని, మెడ వెనక్కి విరిచి, కొమ్మ చివర వేలాడే చిన్నరసం తొడిమ కోసం వెతుకుతుంటాడు. సొన కారి మోచేతి దాకా చర్మం మాడినట్టుంటుంది. చొక్కా జేబులో మీటల ఫోను. ఇంతలో మైలవరం కొండల మీద మబ్బు కమ్ముతుంది, గాలి బిగుసుకుంటుంది, ఫోను గుర్రుమంటుంది. వచ్చిన కబురు కొత్తదేం కాదు. ఏటా వేసవిలో మన విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్లు పంపేదే: పిడుగులు పడే అవకాశం ఉంది, అప్రమత్తంగా ఉండండి, చెట్ల కింద నిలబడరాదు.

అతను పైకి చూస్తాడు. చెట్టు. కుడివైపు చూస్తాడు, చెట్టు. ఎడమవైపు ఇంకా పెద్ద చెట్టు. పాత పద్ధతిలో వేసిన మామిడి తోటలో చెట్టుకీ చెట్టుకీ పది మీటర్ల ఎడం, అంటే ఎకరానికి నలభై చెట్లు. పదెకరాల తోటలో నాలుగు వందలు. దాని పక్కన ఇంకొకరి తోట, ఆ పక్కన మరొకరిది. నూజివీడు నుంచి విస్సన్నపేట దాకా, ముసునూరు నుంచి రెడ్డిగూడెం దాకా భూమి ఉన్నదే ఇలా. చెట్టు కింద కాని చోటు వెతుక్కోవాలంటే అతగాడు పక్క మండలానికి వెళ్లాలి. దారి పొడుగునా ఉన్నవీ చెట్లే.

సలహా తప్పని నేననను. శాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్లూ ఒప్పు. ఆ ఒప్పులోనే ఉంది తమాషా అంతా. చేపను పిలిచి తడవొద్దని చెప్పడం కూడా ఆరోగ్యరీత్యా మంచి సలహాయే కదా. ఆ వాక్యం రాసినాయన దృష్టిలో చెట్లంటే ఆఫీసు ఆవరణలో ఉన్న రెండు వేపలు, ఒక కానుగ. వాటి కిందనుంచి జరిగితే మెట్లు, మెట్లెక్కితే వరండా. మా కూలీకి వరండా ఎక్కడుందో ఆయన చెప్పలేదు. చెప్పాలని కూడా తోచి ఉండదు. ఎందుకంటే ఆ కబురు అసలు అతనికి రాసింది కాదు. రేపు ఎవడైనా పిడుగుపడి పోతే, "ముందే హెచ్చరించాం" అని పైవాళ్లకు చూపించుకోవడానికి రాసింది.

లెక్కల్లో మాత్రం మనకు తిరుగులేదు. 2018 ఏప్రిల్ 24న, సరిగ్గా మామిడి కోతలు ఊపందుకునే వేళ, మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని అధికారికంగా లెక్కతేల్చారు. 36,750 అని గుండ్రంగా కూడా అనలేదు. పడని పిడుగునొక్కదాన్ని లెక్కలో కలపడానికి మనసొప్పలేదు. ఆ రోజు కనీసం తొమ్మిది మంది పోయారు. దేశం మొత్తం మీద 2022లో పిడుగుపాటుకు చచ్చిపోయినవాళ్లు 2,887 మందని జాతీయ నేర గణాంకాల సంస్థ అచ్చువేసింది. వాళ్లలో ఎక్కువమంది పొలం పనిలో ఉన్నవాళ్లే అయి ఉంటారని ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పిడుగు ఎక్కడ పడబోతోందో ముందుగా పసిగట్టే యంత్రాలున్నాయి. దామిని అనే యాప్ ఉంది. మీటల ఫోన్లో అది ఎక్కదు, అదలా ఉంచండి. తెలుసుకునే కన్ను ఉంది, లెక్కపెట్టే వేలు ఉంది. లేనిదల్లా చెప్పే నోరు.

ఆ నోటికే ప్రపంచంలో ఒక ఉద్యోగం, దానికో శిక్షణ ఉన్నాయి. విపత్తు వేళ ప్రజలకు సమాచారం చెప్పే అధికారి. మన దగ్గర ఈ మాట ఎత్తగానే ఒక చిక్కు. ప్రజా సమాచార అధికారి అనగానే మనకు గుర్తొచ్చేది సమాచార హక్కు చట్టం, అర్జీ, కోర్టు ఫీజు స్టాంపు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఉచితం, మండలంలో అయిదు రూపాయలు, ఆ పైన పది. అడిగిన 30 రోజుల్లోగా జవాబివ్వాలి. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సంగతైతే మాత్రం 48 గంటల్లో ఇచ్చేయాలని చట్టం పాపం జాలిపడి రాసింది. ఈ చట్టమూ, విపత్తుల నిర్వహణ చట్టమూ ఒకే ఏడాది, 2005లో పుట్టాయి. కవల పిల్లలు. కానీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టు లేదు. "అయ్యా, చెరువు కట్ట రాత్రికి తెగుతుందా?" అని అయిదు రూపాయల స్టాంపు అంటించి అడిగామనుకోండి, ఎల్లుండి సాయంత్రానికల్లా రిజిస్టర్డు పోస్టులో ఖచ్చితమైన సమాధానం వస్తుంది: తెగినది.

అమెరికావాళ్ల పద్ధతి వేరు. 1970లో కాలిఫోర్నియా అడవులు తగలబడ్డప్పుడు ఎవరు ఎవరికి ఏం చెప్పాలో తెలియక నానా యాతనా పడి, ఆ తర్వాత ఒక కట్టుబాటు ఏర్పరచుకున్నారు. అందులో మంటలార్పే దళాధికారి పక్కనే సమాచార అధికారికి కుర్చీ వేశారు. అతనికి మేరీల్యాండ్ రాష్ట్రంలోని ఎమిట్స్‌బర్గ్‌లో ప్రత్యేకంగా పాఠాలు చెబుతారు. విన్సెంట్ కొవెల్లో అనే ఆయన కనిపెట్టిన కొలత ఒకటి ఆ పాఠాల్లో బాగా చెలామణీలో ఉంది. భయంలో ఉన్న మనిషి చెవికి ఎక్కేది మూడు ముక్కలే, అవీ తొమ్మిది సెకన్లలో, మొత్తం 27 మాటలు దాటకుండా చెప్పాలట.

ఈ 27 మాటల సూత్రాన్ని మన పత్రికా ప్రకటనకు పట్టించి చూద్దామని కూర్చున్నాను. ఇది నేను కట్టిన నమూనా. ఎవరినీ ఉద్దేశించింది కాదు, కానీ పొద్దున్నే పేపరు చదివే అలవాటున్నవాళ్లు పోల్చుకుంటారు: "గౌరవనీయ ముఖ్యమంత్రివర్యుల ఆదేశాల మేరకు, గౌరవనీయ జిల్లా ఇన్‌ఛార్జి మంత్రివర్యుల మార్గదర్శకత్వంలో, జిల్లా కలెక్టర్ వారి సూచనలను అనుసరించి, జాయింట్ కలెక్టర్ వారి ప్రత్యక్ష పర్యవేక్షణలో, రెవెన్యూ, పోలీసు, నీటిపారుదల, పంచాయతీరాజ్, వైద్య ఆరోగ్య శాఖల సమన్వయంతో..." ఇరవై ఏడు మాటలూ అయిపోయాయి. నీళ్లు ఇంకా రాలేదు.

(కలెక్టర్ అంటే మా వైపు ముందుగా గుర్తొచ్చేది కాయ. తోతాపురిని మేం కలెక్టర్ అంటాం. ముక్కు కోసుగా ఉంటుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది, ఎక్కువ భాగం జ్యూసు ఫ్యాక్టరీలకు పోతుంది. ఈ పోలికను ఇక్కడితో ఆపేస్తున్నాను.)

మనవాళ్లు అమెరికా కట్టుబాటును చూడకపోలేదు. జాతీయ విపత్తుల నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో దాన్ని మన దేశానికి తగ్గట్టు మార్చి మార్గదర్శకాలు తెచ్చింది. ఆ మార్పుల్లో ఒకటి నాకు మహా ముచ్చటగా ఉంటుంది. అక్కడ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్ అని ఉన్న కుర్చీకి ఇక్కడ ఇన్ఫర్మేషన్ అండ్ మీడియా ఆఫీసర్ అని బోర్డు పెట్టారు. పబ్లిక్ వెళ్లి మీడియా వచ్చింది. ఇంతకన్నా నిజాయితీగా రాసిన ప్రభుత్వ పత్రం నేనింకోటి చూడలేదు.

శిక్షణకు చోటు లేదా అంటే, ఉంది. మా తోటలకు అట్టే దూరంలో లేదు కూడా. గన్నవరం పక్కన కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణాన్ని 2025 జనవరి 19న కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు. పక్కనే ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్. ఇక సమాచార శాఖతో మా చుట్టరికం అడగండి: 2024 జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో గృహనిర్మాణంతో పాటు సమాచార, పౌరసంబంధాల శాఖ చేపట్టిన కొలుసు పార్థసారథి మా నూజివీడు ఎమ్మెల్యేయే. ఒకవైపు విపత్తుల బడి, ఒకవైపు సమాచారపు మంత్రి, నడుమ మామిడి చెట్టు కింద కూలీ. చెట్టుకీ చెట్టుకీ ఉన్న ఎడం కంటే వీళ్ల మధ్య ఎక్కువ దూరం ఉండకూడదని మా ఆశ.

మన జిల్లా స్థాయి శిక్షణ ఎలా ఉంటుందో నాకు నేనుగా ఊహించుకున్నాను. అచ్చంగా ఊహే, ఎవరూ భుజాలు తడుముకోవద్దు. మూడు రోజులు, ఏసీ హాలు. మొదటి రోజు పరిచయాలు, పూలగుత్తులు, ముఖ్య అతిథి రాక ఆలస్యం. ఇంగ్లీషు బొమ్మల పలకలు తెర మీద జరుగుతుంటాయి, చదివి వినిపించే ఆయన వాటికి వీపు తిప్పకుండా వాటితోనే మాట్లాడతాడు. రెండో రోజు కెమెరా ముందు ఎలా నిలబడాలి, వెనకాల ఏ బొమ్మ పడాలి, ముంపు ప్రాంతంలో ప్యాంటు ఎంతవరకు మడవాలి. మూడో రోజు అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం: వ్యతిరేక వార్త వస్తే సాయంత్రంలోగా రిజాయిండర్ ఎలా పంపాలి. మధ్యలో ఒక నాటకం ఆడిస్తారు. ఒకరు అధికారి, ఒకరు విలేకరి, ఒకరు వరద బాధితుడు. బాధితుడి వేషానికి ఎవరూ లేవకపోతే బయట జీపు దగ్గర నిలబడ్డ డ్రైవర్ని పిలుస్తారు. అతనికి నాటకాలు తెలియవు, నిజంగానే అడిగేస్తాడు:

"నీళ్లు మా వీధిలోకి ఎన్నింటికి వస్తాయి సార్? పాపని మా అత్తగారింటికి పంపించేయమంటారా?"

హాలంతా నవ్వుతుంది. అది సిలబస్‌లో లేదు. భోజనాల తర్వాత గ్రూపు ఫొటో, సర్టిఫికెట్, సంచి.

మామిడి ఊళ్లో ఉన్నవాణ్ని, ఈ శిక్షణకు నా దగ్గర ఒక మాట ఉంది: కార్బైడు. గడ్డిలో వేసి మాగబెడితే రసం కాయకు వారం పైన పడుతుంది, రోజూ చేత్తో నొక్కి చూడాలి, వాసన పట్టాలి. ఓపిక లేనివాడు కార్బైడు పొట్లం పెడతాడు. తెల్లారేసరికి పసుపు. కోస్తే లోపల పులుపు, తెల్లటి టెంక. కార్బైడుతో కాయ మాగబెట్టడం ఆహార భద్రతా చట్టం కింద నిషేధం. మనిషిని మాగబెట్టడానికి ఇంకా నిషేధం రాలేదు.

నిజంగా వాన పడ్డ రోజు సంగతికి వద్దాం. 2024 ఆగస్టు 31. ఆ వానకు నూజివీడు పెద్దచెరువు కట్ట తెగి ఊళ్లోని కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అదే వాన మైలవరం కొండల్లో బుడమేరును నింపింది. వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలిపే కాలువకు కొండపల్లి దగ్గర గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1న బెజవాడ సింగ్‌నగర్ లేచి చూసుకునేసరికి మంచాల ఎత్తున నీళ్లు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. ముందు వరదొచ్చింది, తర్వాత హెచ్చరిక వచ్చిందని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు.

ఆ రెండు రోజులూ టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఒక్క మాట నోటికొచ్చేసింది: క్యూసెక్కులు. ప్రకాశం బ్యారేజీకి ఎనిమిది లక్షల క్యూసెక్కులు, తొమ్మిది, పది. సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ పుట్టిన తర్వాత అంత నీరు దాన్ని దాటింది లేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు తగులుకున్న దృశ్యం వందసార్లు చూపించారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, మన లెక్కలో 28 లీటర్ల చిల్లర. కాబట్టి 11.43 లక్షలంటే సెకనుకు మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్ల పైమాటే. ఈ గుణకారం చేసి ఒక ఇల్లాలు ఏం చెయ్యాలి? బియ్యం డబ్బా అటక మీద పెట్టాలా, మంచం మీద చాలా? అంతకన్నా పెద్ద విడ్డూరం, ఆ అంకె ఆమె ఇంటిది కానే కాదు. సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. టీవీలో కృష్ణ, గుమ్మంలో బుడమేరు. ఊరంతా ముందు గుమ్మం వైపు చూస్తుంటే దొంగ పెరటి గోడ దూకాడు. ఆ పెరటి వాగుకి జనం నోట్లో ఒక అంకె లేదు, ఒక గుర్తు లేదు.

అదే భద్రాచలం వెళ్లండి. గోదావరి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. బడి పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. 43 అంటే ఏ రోడ్డు పోతుందో, 48 అంటే ఎవరి ఇల్లు ఖాళీ చేయాలో, 53 అంటే ఎక్కడికి పోవాలో ఊరికి ఊరే కంఠతా పట్టింది. అక్కడ శిక్షణ పొందింది అధికారి కాదు, ఊరు. గురువు గోదావరి. ఏళ్ల తరబడి ఒకే మెట్టు దగ్గర ఒకే అంకె చెప్పడం వల్ల వచ్చిన చదువు అది.

మాకు మాత్రం తుపాను వస్తే బందరు రేవు హెచ్చరిక వినిపిస్తారు. మూడో నంబరు ఎగరేశారు, అయిదో నంబరు, పదో నంబరు. ఒకటి నుంచి పదకొండు దాకా ఉండే ఆ నంబర్లు ఓడల వాళ్ల కోసం పెట్టినవి. చాట్రాయిలో ఓడ ఉన్న రైతు నాకింతవరకు తగల్లేదు. ఆ రైతుకు కావలసింది ఒక్కటే ముక్క. రేపు సాయంత్రానికి గాలి కాయ రాల్చేంత వస్తుందా? వస్తే ఈ రాత్రికే లైట్లు పెట్టి కోసేస్తాడు, పచ్చికాయగానైనా నున్న మార్కెట్‌కి తోలేస్తాడు. రాలిన కాయకు ధర ఉండదు. "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీచే అవకాశం" అని రెండు గోదావరులు, కృష్ణా, ఏలూరు, ఎన్టీఆర్ జిల్లాలన్నిటికీ కలిపి ఒకే వాక్యం వస్తే, దాన్ని పట్టుకుని కూలీలను ఏ ఊరి తోటకు పిలవాలి?

బుడమేరు తగ్గుముఖం పట్టాక ఇంకో సంగతి జరిగింది. కట్ట మళ్లీ తెగిందని పుకారు లేచింది. సింగ్‌నగర్ జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల మీదికొచ్చారు. అబద్ధం, నమ్మవద్దని అధికారులు ప్రకటన మీద ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ పుకారును ఒకసారి కొవెల్లో గారి త్రాసులో పెట్టి చూడండి. కట్ట తెగింది. నీళ్లొస్తున్నాయి. పరుగెత్తండి. మూడే ముక్కలు. గౌరవనీయులెవరూ లేరు, శాఖల సమన్వయం లేదు. ఎక్కడ, ఏమిటి, ఏం చెయ్యాలి, మూడూ ఉన్నాయి. నిజమొక్కటే తక్కువైంది. పుకారుకి ఎమిట్స్‌బర్గ్‌లో పాఠాలు ఎవరు చెప్పించారో తెలియదు గానీ, సర్టిఫికెట్ ఇవ్వాల్సొస్తే మొదటిది దానికే.

మన ప్రకటనలకు వెన్నెముక లాంటి మాట ఒకటుంది, అప్రమత్తం. ప్రజలు అప్రమత్తంగా ఉండాలి. అధికారులు అప్రమత్తంగా ఉన్నారు. లోతట్టు ప్రాంతాలవారిని అప్రమత్తం చేశారు. ఈ మాటలో ఒక చెయ్యి కదలదు, ఒక కాలు కదలదు. మంచంలో పడుకుని కూడా అప్రమత్తంగా ఉండవచ్చు. ఇల్లు వదలండి, పశువుల పలుపు విప్పండి, మోటారు ఆపండి, ఫలానా బడికి రండి అంటే అది మాట. అప్రమత్తం అంటే చెప్పినవాడు చేతులు దులుపుకున్న చప్పుడు.

తెలియనప్పుడు ఏం చెప్పాలన్నది ఇంకా కష్టమైన పాఠం. 2020 డిసెంబరు 5న ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోవడం మొదలైంది. నాలుగైదు రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. నీళ్లన్నారు, గాలన్నారు, దోమల మందన్నారు, బ్లీచింగన్నారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయంది. తర్వాత పురుగుమందుల వైపు వేలు తిరిగింది. కారణం తేలకపోవడం ఎవరి తప్పూ కాదు. "కారణం ఇంకా మాకు తెలియదు, ఈ సాయంత్రం ఆరింటికి మళ్లీ వచ్చి తెలిసినంత చెబుతాం, అందాకా ఇది తాగండి, ఇది తాగకండి" అని ఒక్క మనిషి రోజూ ఒకే చోట నిలబడి చెప్పడమే ఆ విద్య అంతా. మన ఉద్యోగ ధర్మంలో "తెలియదు" అన్న మాటకు మెమో వస్తుంది. "పరిస్థితి అదుపులో ఉంది" అన్నదానికి ఇంతవరకు ఎవరికీ రాలేదు.

అదే ఏడాది మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు వెలువడింది. పన్నెండు మంది చనిపోయారు. కర్మాగారంలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటుందని, ఒక్క చోటా మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది. దీని మీద నేను వ్యంగ్యం రాయలేను.

తెల్లవాళ్లకు అన్నీ వచ్చునని నా వాదం కాదు. 2018 జనవరి 13న హవాయి దీవుల్లో ప్రతి ఫోనుకూ క్షిపణి వచ్చి పడుతోందని కబురు వెళ్లింది. ఒక ఉద్యోగి పొరపాటు. అది అబద్ధమని ఫోన్లకు చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది. గవర్నరుకు సంగతి ముందే తెలుసు గానీ, ట్విట్టర్లో చెప్పడానికి పాస్‌వర్డు గుర్తు రాలేదు. మనకూ 2023లో ఫోన్లన్నీ ఒకేసారి సైరన్‌లా అరిచాయి, గుర్తుందా? గుండె చేత్తో పట్టుకుని చూస్తే, ఇది పరీక్ష మాత్రమే, పట్టించుకోకండి అని ఉంది. నా జీవితంలో ప్రభుత్వం నాతో అంత గట్టిగా చెప్పిన మాట "పట్టించుకోకండి" ఒక్కటే.

మావాళ్లేం చేసినా మీరు ఇలాగే వెక్కిరిస్తారని ఒక తహసీల్దారు స్నేహితుడు విసుక్కున్నాడు. "జనం మాత్రం వింటారా గురూ? ఖాళీ చెయ్యమంటే తాళం ఎవరు కాస్తారంటారు, గేదెనెవరు చూస్తారంటారు." నిజమే. కానీ చరిత్ర ఇంకోటి కూడా చెబుతోంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడ్డప్పుడు పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క, ఊళ్లో లెక్క ఇంకా పెద్దది. 1990 మేలో అదే తీరానికి అంతటి తుపానే వచ్చింది. లక్షలమందిని ముందే తరలించారు. మృతులు వెయ్యికి లోపే. పదమూడేళ్లలో జనం మారిపోలేదు. తాళాలు, గేదెలు అప్పుడూ ఉన్నాయి. మారింది చెప్పిన తీరు. జీపు ఊళ్లోకొచ్చింది, తెలిసిన మొహం గుమ్మంలో నిలబడింది, బస్సు వీధి చివర ఆగింది.

స్నేహితుడు అసలు బాధ తర్వాత చెప్పాడు. తుపాను రాత్రి తన పనంతా సెట్ కాన్ఫరెన్సుకే సరిపోతుందట. పైనుంచి ఒకరు అడుగుతారు, ఆయన పైనుంచి ఇంకొకరు అడుగుతారు. ఎన్ని గ్రామాలు, ఎంత మంది, ఎన్ని పొట్లాలు. సమాచారం గోదారిలా కిందికి పారాల్సింది పోయి ఆవిరిలా పైకే పోతుంది. తెల్లారేసరికి రాజధానిలో అందరికీ అన్నీ తెలుసు, వీధిలో ఎవరికీ ఏమీ తెలియదు.

మరి నేర్పేవాళ్లు ఎవరు? మా ఊరి నుంచి వేసవిలో ఏ టౌనుకైనా పోయే ఆటోను చూడండి. రికార్డు చేసిన గొంతు: "రసాలూ, నూజివీడు రసాలూ, గడ్డిలో మాగినవి, డజను ఇంత, మీ వీధి చివర ఉన్నాం, పదింటిదాకే!" ఏమిటి, ఎక్కడ, ఎంత, ఎప్పటిదాకా, అన్నీ ఉన్నాయి. మూడో మేడ మీద కూర వండుకునే ఆవిడ కూడా పొయ్యి తగ్గించి గిన్నెతో దిగుతుంది. ఆ గొంతుకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఎండలో వీధి వీధీ తిరిగి, అమ్ముడుపోని మాటలన్నీ రాల్చేసుకుని, అమ్ముడుపోయినవి ఉంచుకుంది. అంతకుముందు దండోరా వేసినవాడిదీ అదే చదువు. రెండు దెబ్బలు, రెండు వాక్యాలు, పక్క వీధి.

కొండపావులూరు బడివాళ్లకు ఒక విన్నపం. ఈసారి సమాచార అధికారుల తరగతి హాల్లో వద్దు. మే రెండో వారంలో మా తోటలో పెట్టండి. చాపలు మేం వేస్తాం, రసాలు మేం పెడతాం. పరీక్ష ఒక్కటే ప్రశ్న: గెడ పట్టుకుని చెట్టు కింద నిలబడ్డ కూలీకి, మబ్బు పట్టాక, 27 మాటల్లో చెప్పు. వాళ్లు వచ్చేలోగా నేను ఒక చిత్తుప్రతి రాసి ఉంచాను:

"మెరిశాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరిమితే గెడ కింద పడేయండి. చెట్టు వదిలి పక్కా ఇంట్లోకో, అద్దాలెత్తిన లారీ కేబిన్‌లోకో పరుగెత్తండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా తోటలోకి రావద్దు. కాయ పోతే పోనీ."

లెక్కపెట్టుకోండి, ఇరవై అయిదు మాటలు. ఇంకా రెండింటికి చోటుంది. గౌరవనీయ అని రెండుసార్లు వేసుకోవచ్చు.